ఇస్సే మియాకేకి ఫొటోలతో నివాళి: షూట్ ఎలా చేయాలి

పేరున్న డిజైనర్ ఎవరైనా పోగానే నివాళి ఫొటోషూట్లు వరసకడతాయి. చాలావరకు ఒకేలా ఉంటాయి. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే డ్రెస్ లాంటిది ఒకటి సంపాదించి, మోడల్‌కి తొడిగి, అందరికీ తెలిసిన పాత ఫొటోలో ఉన్నట్టే నిలబెట్టి తీస్తారు. కింద ఒక కొటేషన్ పెడతారు. చూసినవాళ్ళకి ఆ పాత ఫొటో గుర్తొస్తుంది. వీళ్ళ ఫొటో మాత్రం మర్నాటికి గుర్తుండదు.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. జపాన్ ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే 2022 ఆగస్టు 5న కన్నుమూశారు, 84 ఏళ్ళు. వార్త నాలుగు రోజుల తర్వాత బయటికొచ్చింది. ఆ వారంలోనే మడతల గౌను ఒకటి అరువు తెచ్చి, తెల్ల గోడ ముందు షూట్ చేసేశాను. ఎదురుగా లైట్ పెట్టడంతో మడతలన్నీ మాయమై, గౌను నైటీలా కనిపించింది. పైగా షూట్‌కి ముందు దానికి ఆవిరితో ముడతలు తీసే స్టీమర్ పట్టాను. అదెంత తెలివితక్కువ పనో కింద చెబుతాను. ఆ తర్వాత రెండుసార్లు మళ్ళీ చేశాక పని కాస్త ఒంటబట్టింది. ఖరీదైన స్టూడియో, ఒరిజినల్ డ్రెస్సులు లేకుండా ఈ షూట్ ఎలా చేయొచ్చో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఏ మియాకే అన్నది తేల్చుకోండి

మియాకే యాభై ఏళ్ళు పనిచేశారు. అంతా ఒక్క షూట్‌లో పెట్టాలనుకుంటే అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా తయారవుతుంది. ఒక్కటి ఎంచుకోండి.

ఆయన 1938లో హిరోషిమాలో పుట్టారు. టోక్యోలోని తామా ఆర్ట్ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదివి, 1965లో పారిస్ వెళ్ళారు. అక్కడ గీ లరోష్, జివాంషీ అనే డిజైనర్ల దగ్గర, తర్వాత న్యూయార్క్‌లో జెఫ్రీ బీన్ అనే డిజైనర్ దగ్గర పనిచేసి, 1970లో టోక్యో తిరిగొచ్చి మియాకే డిజైన్ స్టూడియో పెట్టారు. 1968 మే నెలలో విద్యార్థులు, కార్మికులు పారిస్ వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. కొద్దిమంది డబ్బున్నవాళ్ళకి కాకుండా, మామూలు మనుషులు రోజూ వేసుకునే బట్టలు చేయాలన్న ఆలోచన అక్కడే గట్టిపడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మోడళ్ళని ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

ఆయన పనిలో షూట్‌కి పనికొచ్చే దారులు నాలుగు కనిపిస్తాయి నాకు. ఒకటి, 1980ల మొదట్లో శరీరాన్ని అచ్చు పోసినట్టు చేసిన ప్లాస్టిక్, వెదురు, పేము కవచాలు. 1982 ఫిబ్రవరిలో ఆర్ట్‌ఫోరమ్ అనే కళా పత్రిక ముఖచిత్రం మీద పేముతో అల్లిన ఆయన కవచం వచ్చింది. రెండు, 1993లో ప్లీట్స్ ప్లీజ్ పేరుతో మొదలైన మడతల బట్టలు. మూడు, దాయ్ ఫుజివారా అనే డిజైనర్‌తో కలిసి 1990ల చివర్లో చేసిన ఏ-పాక్. కంప్యూటర్ చెప్పినట్టు నడిచే మగ్గం నుంచి గొట్టంలా ఒకే బట్ట వస్తుంది. అందులోనే డ్రెస్, టోపీ, సాక్సు గీతలు గీసినట్టు ఉంటాయి. కొన్నవాళ్ళే కత్తెరతో కత్తిరించుకుని వేసుకోవాలి. నాలుగు, 2010లో "132 5." అనే పేరుతో వచ్చిన బట్టలు. ఇవి కింద పరిస్తే పలకలు పలకలుగా ముడిచిన కాగితంలా ఉంటాయి, ఎత్తి పట్టుకుంటే డ్రెస్ అవుతాయి.

మొదటిసారి చేసేవాళ్ళు రెండోది తీసుకోండి. కవచాలు చేయించాలంటే చేతివృత్తి వాళ్ళు, డబ్బు, నెలల సమయం కావాలి. మడతలు ఇంట్లో కూడా చేసుకోవచ్చు, ఫొటోలో బాగా పలుకుతాయి. మూడోది కూడా తేలికే, దాని గురించి చివర్లో ఒక మాట చెబుతాను.

2. ఏవి తీయకూడదో రాసుకోండి

మెడ దాకా కప్పే నల్ల టర్టిల్‌నెక్ చొక్కా వద్దు. స్టీవ్ జాబ్స్ వేసుకున్నవి మియాకే చేసిచ్చినవే, నిజమే. కానీ ఆ ఫొటో తీస్తే అది జాబ్స్‌కి నివాళి అవుతుంది.

చెర్రీ పూలు, గొడుగులు, తెల్ల పౌడరు ముఖాలు వద్దు. మియాకే పనిలో జపాన్ ఉంది, కిమోనో ఆలోచన ఉంది. కానీ టూరిస్టు పోస్టర్ లాంటి జపాన్ లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, బాంబు పొగ, బూడిద, శిథిలాలు వద్దు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆయనకి ఏడేళ్ళు, బడిలో ఉన్నారు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుందని 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అంతవరకు దాని గురించి మాట్లాడకుండా ఉండటానికి కారణం కూడా అందులోనే చెప్పారు. అణుబాంబు నుంచి బతికి బయటపడ్డ డిజైనర్ అనే ముద్ర ఆయనకి ఇష్టం లేదు. నాశనమయ్యేవాటి గురించి కాకుండా, తయారుచేయగలిగేవాటి గురించి ఆలోచించడమే ఇష్టమని రాసుకున్నారు. మనిషి బతికుండగా వద్దన్న ముద్రని పోయాక నివాళి పేరుతో వేయడం ఏం మర్యాద? నాకు తెలిసిన ఒకరు పొగబాంబులు పెట్టి, చిరిగిన బట్టల్లో మోడళ్ళని పడుకోబెట్టి తీశారు. ఫొటోలు బాగానే వచ్చాయి. అయినా చూడలేకపోయాను.

3. ఇర్వింగ్ పెన్‌ని చూడండి, కాపీ కొట్టకండి

మియాకే బట్టల ఫొటోలంటే ముందు గుర్తొచ్చే పేరు అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్. 1986 నుంచి 1999 వరకు, పదమూడేళ్ళపాటు, ప్రతి కలెక్షన్ బట్టలూ టోక్యో నుంచి న్యూయార్క్‌లో పెన్ స్టూడియోకి వెళ్ళేవి. 250కి పైగా ఫొటోలు తీశారు. వాటిలోంచి ఇక్కో తనాకా అనే గ్రాఫిక్ డిజైనర్ పోస్టర్లు చేసేవారు.

ఇందులో నాకు బాగా నచ్చేది వాళ్ళ ఒప్పందం. ఆ షూట్లకి మియాకే వెళ్ళేవారు కాదు. ఇలా తీయండి, అలా తీయండి అని చెప్పేవారూ కాదు. ఆయన తరఫున మిదోరి కితామురా బట్టలు తీసుకుని వెళ్ళేవారు. వాటిలో ఏం తీయాలో, ఎలా తొడగాలో పెన్ చూసుకునేవారు. ఫొటోలు చేతికొచ్చాక మియాకేకి తను చేసిన బట్టే కొత్తగా కనిపించేది. ఆ చూపు నుంచి తర్వాతి పని పుట్టేది.

ఆ ఫొటోలు ఎన్ని దొరికితే అన్ని చూడండి. చూసేటప్పుడు కాగితం, పెన్సిల్ పెట్టుకుని ఒక్కో ఫొటోలో బట్ట బయటి గీతని మాత్రం గీయండి. ముఖం వద్దు, రంగు వద్దు, కేవలం ఆకారం. ఇరవై గీశాక మీకే తెలుస్తుంది. మనిషి ఆకారం దాదాపు ఎక్కడా ఉండదు. గవ్వ, గంట, పురుగు, దీపం, కొండ, ఇలా ఏవేవో ఉంటాయి. తెల్ల నేపథ్యం అక్కడ శుభ్రంగా కనిపించడానికి పెట్టింది కాదు, ఆ బయటి గీత తెగిపోకుండా చదవడానికి పెట్టింది. మీరు తెచ్చుకోవాల్సింది ఈ ఒక్క సూత్రమే. ఆ భంగిమలు, ఆ జుట్టు, ఆ మేకప్ అక్కడే వదిలేయండి.

ఇంకో సంగతి. షూట్ రోజు ఆ ఫొటోలు సెట్ మీద ఉండకూడదు. ఫోన్‌లో పెట్టుకుని మోడల్‌కి చూపించారో, ఆమె ఆ భంగిమే పెడుతుంది. మీరూ అదే నొక్కుతారు.

4. బట్టలు

ఒరిజినల్ ఎవరి దగ్గరైనా అరువు దొరికితే అదృష్టమే. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరకడం ఎక్కువ. దొరికితే ఒక జాగ్రత్త. ఇస్త్రీపెట్టె గానీ స్టీమర్ గానీ దగ్గరికి రానివ్వకండి. ఆ మడతలు వేడితోనే పాలిస్టర్‌లో పాతుకుపోయినవి, మళ్ళీ వేడి తగిలితే సడలిపోతాయి. నేను స్టీమర్ పట్టింది అరువు గౌనుకి. భుజం దగ్గర జానెడు మేర సాపైపోయింది. మడతలన్నీ ఒక తాడులా పోగుచేసి చుట్ట చుట్టి పెట్టుకుంటే చాలు, విప్పి దులిపితే తయారు.

ఒరిజినల్ లేకపోతే మీరే చేసుకోండి. నిజానికి నివాళికి ఇదే బాగుంటుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఆయన చేసిన పనిలోని కిటుకు చేత్తో చేస్తేనే అర్థమవుతుంది.

మామూలుగా మడతల డ్రెస్ అంటే ముందు బట్టకి మడతలు వేయించి, తర్వాత కత్తిరించి కుడతారు. మియాకే దీన్ని తిరగేశారు. ముందు డ్రెస్‌ని కావలసిన సైజుకి రెండున్నర, మూడు రెట్లు పెద్దగా కుట్టి, ఆ తర్వాత రెండు కాగితాల మధ్య పెట్టి మడతల వేడి ప్రెస్‌లోకి పంపుతారు. రాక్షసుడి చొక్కాలా లోపలికి వెళ్ళినది మనిషి సైజులో బయటికొస్తుంది. కుట్లకీ మడతలు పడతాయి కాబట్టి డ్రెస్ మొత్తం స్ప్రింగులా సాగుతుంది. జిప్ అక్కర్లేదు, బొత్తాలు అక్కర్లేదు, లావు సన్నం పెద్దగా పట్టింపు లేదు.

మీరు చేయాల్సింది ఇదీ. నూటికి నూరుపాళ్ళు పాలిస్టర్ ఉన్న పల్చటి బట్ట కొనండి. షాపువాడి మాట నమ్మకుండా ఒక పోగు కాల్చి చూడండి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది, నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. నూలులో మడత నిలవదు, ఒక్క ఉతుక్కే పోతుంది. రంగు ఒకటే ఉండాలి, ప్రింట్ వద్దు. ప్రింట్ ఉంటే కన్ను దాని మీదికే పోతుంది, మడత కనిపించదు.

ఆ బట్టతో పెద్ద సంచిలాంటి గౌను కుట్టించండి. తలకి ఒక రంధ్రం, చేతులకి రెండు, కింద తెరిచి. అడ్డంగా మీ మోడల్‌కి సరిపోయేదానికి మూడింతలు. టైలర్ తప్పకుండా "ఎవరికమ్మా ఇది?" అని అడుగుతాడు. లైనింగ్ వద్దనీ, కుట్లు సన్నగా ఉండాలనీ చెప్పండి, లావు కుట్టు దగ్గర మడత తిరగదు.

తర్వాత రెండు దారులు. పెద్ద ఊళ్ళలో లెహంగాలకీ దుపట్టాలకీ ప్లీటింగ్ చేసిచ్చేవాళ్ళు ఉంటారు. బొటిక్ నడిపేవాళ్ళని అడిగితే చెబుతారు. వాళ్ళకి కుట్టిన గౌను ఇస్తే ముందు ఒప్పుకోరు, "బట్ట తెండి, కుట్టాక కుదరదు" అంటారు. పాడైతే బాధ్యత మాదేనని చెప్పి ఒక ముక్క మీద ప్రయత్నించమనండి. ప్లీటింగ్ చేయించే దగ్గర గీసినట్టు సన్నటి, సమానమైన మడతలు వస్తాయి.

ఇంట్లో చేయాలంటే స్టీలు పైపు పద్ధతి. రెండు మూడు అంగుళాల లావు స్టీలు పైపు తీసుకోండి. ప్లాస్టిక్ పైపు వద్దు, మరిగే నీళ్ళలో మెత్తబడుతుంది. గౌనుని తడిపి, పైపు చుట్టూ ఏటవాలుగా, బిగుతుగా చుట్టి, గట్టి నూలు దారంతో కిందినుంచి పైకి వరసగా చుట్టుకుంటూ రండి. జానెడు చుట్టగానే రెండు చేతులతో బట్టని కిందికి గట్టిగా తోయండి, ముడతలు ముడతలుగా దగ్గరికొస్తుంది. మళ్ళీ చుట్టండి, మళ్ళీ తోయండి. పెళ్ళివంటల గిన్నె లాంటి పెద్దదాంట్లో అరగంట మరగబెట్టి, స్టవ్ ఆపేసి, రాత్రంతా అలాగే వదిలేయండి. పూర్తిగా చల్లారకుండా దారం విప్పితే పడ్డ శ్రమంతా పోతుంది. పొద్దున తీసి పైపు మీదే ఆరబెట్టి, ఆ తర్వాతే విప్పండి. చెట్టు బెరడులా, కాస్త ఎగుడుదిగుడుగా వస్తుంది. అది లోపం కాదు. జపాన్‌లో అరషి షిబొరి అనే పాత పద్ధతి ఇదే. అరషి అంటే తుపాను, గాలికి వాలిన వానధారల్లాంటి గీతలు పడతాయని ఆ పేరు.

ఇక్కడ ఒక పక్కమాట. ఒకే గుడ్డతో ఒళ్ళంతా కప్పడం అని మియాకే మొదటినుంచీ చెప్పిన ఆలోచన వినగానే మనకి చీర గుర్తొస్తుంది. కత్తెర పడని బట్ట, కట్టేవాళ్ళని బట్టి ఆకారం. భారతదేశంతో ఆయన స్టూడియోకి నిజమైన సంబంధమే ఉంది. ఆయన దగ్గర ఏళ్ళతరబడి బట్టలు రూపొందించిన మకికో మినగావా 2000లో హాట్ అనే బ్రాండ్ మొదలుపెట్టారు. హిందీలో సంత అనే అర్థమున్న ఆ మాటనే పేరుగా పెట్టి, మన దేశపు చేతిపనిని అందులో వాడుకుంటూ వచ్చారు. కాబట్టి చీరతో చేయొచ్చా అంటే చేయొచ్చు. కానీ ఒక పోచంపల్లి చీరని వింతగా చుట్టి మియాకేకి నివాళి అంటే కుదరదు. అది చీర ఫొటో, అంతే. చీరే వాడాలనుకుంటే పాలిస్టర్ చీర తీసుకుని పైపు పద్ధతిలో మడతపెట్టి, అది ఇక చీరలా ప్రవర్తించనప్పుడు ఏమవుతుందో తీయండి.

5. ఎవరిని నిలబెట్టాలి

పొడుగ్గా, సన్నగా ఉన్న ఇరవై ఏళ్ళ మోడల్‌ని వెతకడంలో సమయం వృథా చేయకండి. 1976లోనే ఆయన పన్నెండు మంది నల్లజాతి మోడళ్ళతో టోక్యోలో, ఒసాకాలో షో చేశారు, తర్వాత గాయనిగా పేరు తెచ్చుకున్న గ్రేస్ జోన్స్ వారిలో ఒకరు. 1995 కలెక్షన్‌కి అరవై దాటిన ఆడవాళ్ళని పారిస్ ర్యాంప్ మీద నడిపించారు. 1991లో నృత్య దర్శకుడు విలియం ఫోర్సైత్ నడిపే ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే బృందానికి మడతల దుస్తులు చేసిచ్చినప్పుడు, డ్యాన్సర్లు ఎంత వంగినా గెంతినా అవి అడ్డురాకపోవడం చూశారు. ప్లీట్స్ ప్లీజ్‌కి అది గట్టి పునాది అయింది.

కాబట్టి ముందు డ్యాన్సర్‌ని అడగండి. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళయినా, హిప్‌హాప్ చేసేవాళ్ళయినా పర్వాలేదు. శరీరం బరువు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. రెండోవాళ్ళుగా మీ అమ్మనో, మేనత్తనో, పక్కింటి పెద్దావిడనో అడగండి. "ఈ వయసులో నాకెందుకురా" అంటారు. ఆ గౌను ఒకసారి తొడుక్కుని అద్దంలో చూసుకోనివ్వండి, జిప్పులూ బిగుతూ లేని ఆ బట్ట పని అది చేసుకుపోతుంది. నా రెండో షూట్‌లో అందరికీ నచ్చిన ఫొటో డెబ్బై దగ్గరపడ్డ మా పెద్దమ్మది. మోకాళ్ళ నొప్పితో కుర్చీలోంచి లేస్తుండగా తీసింది. గౌను ఆవిడకన్నా ముందే లేచి నిలబడ్డట్టుంది.

ఇద్దరికీ ఒకే గౌను వేయండి. బట్ట మారలేదు, మనిషి మారితే ఆకారం ఎంత మారిందో పక్కపక్కన తెలుస్తుంది.

6. లైట్

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. వెలుగుని మెత్తగా పరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ కెమెరా పక్కన పెట్టి ముఖం అందంగా రావాలని చూస్తారు. ముఖం వస్తుంది, మడత పోతుంది. మడత అంటే ఒక వెలుగు గీత, దాని పక్కన ఒక నీడ గీత. ఆ నీడ లేకపోతే అది సాదా బట్టే.

సూత్రం ఒక్కటే. మడతలు ఎటు నడుస్తున్నాయో దానికి అడ్డంగా లైట్ రావాలి. మడతలు నిలువుగా ఉంటే లైట్ పక్కనుంచి. మడతలు అడ్డంగా ఉంటే లైట్ పైనుంచి. నిలువు మడతలకి పైనుంచి లైట్ వేస్తే వెలుగు కాలువలో నీళ్ళలా జారిపోతుంది, ఒక్క నీడా పడదు. పైపు పద్ధతిలో చేసిన బట్టకి గీతలు ఏటవాలుగా ఉంటాయి, అప్పుడు లైట్‌ని పక్కన పెట్టి కొద్దిగా ఎత్తండి.

లైట్ మనిషికి సరిగ్గా పక్కన, లేదా ఒక అడుగు ముందుకి ఉండాలి. సాఫ్ట్‌బాక్స్ తీసేసి, లైట్‌కి తగిలించే గిన్నె లాంటి మామూలు రిఫ్లెక్టర్‌తో మొదలుపెట్టండి. నీడ మరీ నల్లగా పడితే అటువైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టి, మీకు నచ్చేదాకా దూరం జరుపుతూ పోండి. లైట్ మార్చడం కన్నా షీటు జరపడం తేలిక.

నేపథ్యానికి తెల్ల పేపర్ రోల్ మంచిది. దుప్పటి మాత్రం వద్దు. దుప్పటి ముడతలు, గౌను మడతలు కలిసిపోయి చూసేవాడికి ఏది ఏదో తెలియదు. పేపర్ లేకపోతే శుభ్రమైన సున్నం గోడ చాలు. మనిషి గోడకి కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి. నేపథ్యం మీద విడిగా లైట్ వేయగలిగితే, మనిషి మీదకన్నా ఒక స్టాప్, అంటే రెట్టింపు, ఎక్కువ ఉంచండి. అంతకన్నా పెంచితే వెనకనుంచి వెలుగు పొంగి బట్ట అంచుల్ని తినేస్తుంది. మనకి కావాల్సిందే ఆ అంచు. గౌను లేత రంగుదైతే మనిషికి రెండు పక్కలా, ఫ్రేములో పడకుండా, నల్ల గుడ్డలు వేలాడదీయండి. అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు సన్న గీత వస్తుంది.

ఫ్లాష్ లేదా? పొద్దున ఏడున్నర ఎండలో డాబా మీద తీయండి. ఆ వేళ సూర్యుడు పక్కనుంచే వస్తాడు, పైసా ఖర్చు లేదు. తొమ్మిది దాటితే పైకెక్కేస్తాడు, నిలువు మడతల ఆట అయిపోయినట్టే.

లెన్స్ 85 ఎంఎం లేదా 70-200 ఎంఎం. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్8 నుంచి ఎఫ్11. వెనక మసకగా రావాలనే సరదా ఈ షూట్‌కి పనికిరాదు, ముందు మడత నుంచి వెనక మడత దాకా స్పష్టంగా ఉండాలి. కెమెరాని మోడల్ నడుము ఎత్తులో పెట్టండి, ఇంకా కిందికైనా పర్వాలేదు. కంటి ఎత్తు నుంచి తీస్తే ముఖం పెద్దదై గౌను కుంచించుకుపోతుంది.

7. కదలిక

ఫ్యాన్ పెట్టకండి. సినిమా పాటల్లో పైట ఎగిరినట్టు ఎగురుతుంది, అంతే. గాలికి ఎగిరే బట్టకి లోపల మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే. మియాకే పట్టించుకున్నది శరీరానికీ బట్టకీ మధ్య ఉండే ఖాళీని. మనిషి కదిలితే ఆ ఖాళీ మారుతుంది, మనం తీయాల్సింది దాన్నే.

మోడల్‌కి భంగిమలు చెప్పకండి, పనులు చెప్పండి. బిందె ఎత్తుకుంటున్నట్టు వంగమనండి. తలుపు తోస్తున్నట్టు, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు గిర్రున తిరగమనండి. ఉన్నట్టుండి ఆగమనండి. ఈ ఆగడమే కీలకం. మడతల బట్ట స్ప్రింగు లాంటిది కదా, మనిషి ఆగాక అది ఇంకో క్షణం కదులుతుంది. గెంతేటప్పుడు కూడా అంతే. మనిషి గాల్లో ఉన్నప్పుడు అందరూ నొక్కుతారు. కాళ్ళు నేలని తాకిన మరుక్షణం నొక్కి చూడండి. మనిషి కిందికి వచ్చేసి ఉంటుంది, గౌను ఇంకా పైనే ఉంటుంది.

ఎండలో, కిటికీ వెలుగులో అయితే షట్టర్ 1/1000 సెకను లేదా అంతకన్నా వేగం. ఫ్లాష్‌తో అయితే కదలికని ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగే ఆ చిన్న కాలం. స్పీడ్‌లైట్లలో, అంటే కెమెరా మీద పెట్టే చిన్న ఫ్లాష్‌లలో, పవర్ తగ్గించేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. కాబట్టి పూర్తి పవర్‌లో కాకుండా తగ్గించి, లైట్‌ని దగ్గరికి తెచ్చుకోండి. కొన్ని ఫ్రేములు ట్రైపాడ్ మీద పెట్టి 1/15లో కూడా తీయండి. చాలావరకు పోతాయి. ఒకటో రెండో పొగలా, బొంగరంలా వస్తాయి.

8. షూట్ రోజు వరస

మొదటి అరగంట కెమెరా పక్కన పెట్టి, మోడల్‌ని ఆ గౌనులో నడవనివ్వండి, కూర్చోనివ్వండి, టీ తాగనివ్వండి. తర్వాత గౌను ఒక్కదాన్నే నేల మీద పరిచి, స్టూలెక్కి పైనుంచి తీయండి. మియాకే బట్టల్ని నేల మీద పరిస్తే వృత్తంగానో, చతురస్రంగానో పడుకుంటాయి, ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా తెలియదు. ఆ ఫొటో, వేసుకున్నాక తీసినది పక్కపక్కన పెడితే మాటల్లో చెప్పే పని తప్పుతుంది.

ఆ తర్వాత పెద్దవాళ్ళ ఫొటోలు, వాళ్ళకి ఓపిక ఉండగానే. డ్యాన్సర్ చివర్లో. మేకప్ నామమాత్రంగా చాలు. నగలు వద్దు. కాళ్ళకి చెప్పులు లేకపోతే మరీ మంచిది.

ఇంకొక పని, నాకు చాలా నచ్చింది. చివరి గంట మీరు గదిలోంచి బయటికి వెళ్ళిపోండి. డ్రెస్ చేసింది మీరైతే కెమెరా ఇంకొకరికి ఇవ్వండి. కెమెరా మీదైతే డ్రెస్ చేసినవాళ్ళని బయటికి పంపండి. టోక్యో, న్యూయార్క్‌ల మధ్య జరిగింది ఇదే కదా. వినడానికి నాటకంలా ఉంటుంది గానీ, నా మూడో షూట్‌లో చివరికి మిగిలిన ఏడు ఫొటోల్లో మూడు నేను లేనప్పుడు నా తమ్ముడు తీసినవి. గౌనుని తలకిందులుగా తొడిగించాడు వాడు. నేనుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

9. ఏరడం, ఎడిటింగ్

ముందు నూరు శాతం జూమ్ చేసి మోయిరే ఉందేమో చూడండి. సన్నటి మడతల గీతలు, కెమెరా సెన్సర్ గీతలు ఒకదానితో ఒకటి తగిలి ఇంద్రధనుస్సు అలల్లాంటి మచ్చలు వస్తాయి. ఎడిటింగ్‌లో బ్రష్‌తో కొంత పోతుంది, పూర్తిగా పోదు. అందుకే షూట్‌లోనే అప్పుడప్పుడు జూమ్ చేసి చూసుకుని, కనిపిస్తే ఒకడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్ళీ తీయాలి.

బట్ట మీద స్మూత్ చేసే టూల్ ఏదీ వాడకండి. నడుము సన్నం చేయడం, పొట్ట లోపలికి నొక్కడం అసలు వద్దు, ఈ బట్టలు అలాంటి కొలతలు పట్టించుకోవు. పెద్దవాళ్ళ ముఖం మీద ముడతలూ అలాగే ఉంచండి, గౌను మడతల పక్కన అవి చక్కగా కుదురుతాయి. నివాళి కదా అని అన్నిటినీ నలుపు తెలుపు చేసేయకండి. ఆయన ఎరుపు, పసుపు, నీలం ధైర్యంగా వాడినవారు.

చివరికి ఆరేడు ఫొటోలే ఉంచండి. ఏవి ఉంచాలో తేలకపోతే, మళ్ళీ పెన్సిల్ తీసుకుని బయటి గీత గీయండి. గీసింది చూసి ఇది మనిషి బొమ్మ అని వెంటనే చెప్పగలిగితే ఆ ఫొటో తీసేయండి.

ఏ-పాక్ గురించి చెబుతానన్నాను. దానికి మడతలు అక్కర్లేదు. గొట్టంలా అల్లిన సాదా హోజరీ బట్ట రెండు మీటర్లు కొని, కత్తెర మోడల్ చేతికిచ్చి, ఆమెకి నచ్చినచోట కత్తిరించుకుని వేసుకోమనండి. మొదటి కత్తిరింపు నుంచి తొడుక్కునేదాకా వరసగా తీయండి. ఒక్క టేకే, రెండోసారి ఉండదు. అందుకని బ్యాటరీ, కార్డు ముందే చూసుకోండి.

10. పేరు, తేదీ

మీరు కుట్టిన గౌనుకి మియాకే పేరు పెట్టకండి, లోగో వాడకండి. "ఇస్సే మియాకేకి నివాళి. గౌను మేమే కుట్టి మడతపెట్టాం" అని స్పష్టంగా రాయండి. అరువు తెచ్చిన ఒరిజినల్ అయితే అదీ చెప్పండి. టైలర్ పేరు, ప్లీటింగ్ చేసినవాళ్ళ పేరు, మోడళ్ళ పేర్లు వాళ్ళనడిగి రాయండి. మియాకే తన పనిలో బట్ట నేసినవాళ్ళనీ ఇంజినీర్లనీ దాచిపెట్టలేదు.

పెట్టే రోజు ఆగస్టు 5, ఆయన పోయిన రోజు. లేదా ఏప్రిల్ 22, పుట్టినరోజు. నేనైతే ఏప్రిల్‌కే ఓటేస్తాను. ఆగస్టులో పెట్టాలనుకుంటే 5నే పెట్టేయండి, బద్ధకించి మర్నాటికి వాయిదా వేయకండి. 6 హిరోషిమా రోజు, ఆ రోజు మన ఫొటోల పక్కన ఏ ఫొటోలు కనిపిస్తాయో మన చేతుల్లో ఉండదు.